అందింది

మిర్చి యార్డు ఆఫీసులో, మేడమెట్ల కింద
మా సర్వరు.
నెలకోసారి మూత విప్పి ఫ్యాను దులిపితే
దోసిలెడు ఎర్ర దుమ్ము.
తుమ్ముకుంటూనే దులుపుతాను.
గుంటూరులో కారం తినని మిషను లేదు.

దానికి నేను నేర్పింది ఒక్కటే పని:
'ధరలు' అనే చిరునామాకి ఒక ఉత్తరం వస్తే
దాన్ని నాలుగు వందల పన్నెండు చేసి పంపడం.
తేజ ఇంత, బాడిగ ఇంత, మూడు నలభై ఒకటి ఇంత,
చివర్న తాలు ఎంత.
అయిదున్నరకి గుమాస్తా కోటిలింగం
కళ్ళజోడు నుదుటి మీదికి తోసి
ఒక్కసారి కొడతాడు, అందరికీ చేరుతుంది.
ఒకేసారి అంటాం గాని
జాబితాలో పేరున్న వరసలోనే వెళ్తాయి.
ఈ సంగతి కమీషన్ కొట్లవాళ్ళకి చెప్పలేదు.
తెలిస్తే
ముందు వరసకి పాట పెడతారు.

మొదట్లో ఒక తప్పు చేశాను.
జవాబు ఎవరికి పోవాలి అని అడిగే గడిలో
'అందరికీ' అని నింపాను.
ఉదారంగా అనిపించింది.
మర్నాటి నుంచీ ఫిరంగిపురం ఆరోగ్యమ్మ,
రెండెకరాల కౌలు, మనవడి పాత ఫోను,
ప్రతి సాయంత్రం
"అందింది బాబూ" అని జవాబిచ్చేది.
ఒకళ్ళు ఉత్తరం రాస్తే
అందిందని చెప్పాలి గదా, ఆమె లెక్క అది.
ఆ ఒక్క ముక్కా కొట్టు కొట్టులో,
కోల్డ్ స్టోరేజీల్లో, లారీ ఆఫీసుల్లో మోగేది.
నాలుగో రోజున నన్ను పిలిపించారు.
"ఎవరయ్యా ఈ అందింది?"
చూస్తానండీ అన్నాను. చూళ్ళేదు.

అంతలో వేసవి సెలవులు. యార్డుకి తాళం.
సెలవుల నోటీసు ఒక్కటే పంపాను.
ఏదో కోల్డ్ స్టోరేజీ మేనేజరు
తన బదులు ఒక జవాబు బొమ్మను కూర్చోబెట్టి
ఊటీ వెళ్ళాడు.
బొమ్మ నోటీసుకి చెప్పింది, నేను ఊళ్ళో లేనని.
'ధరలు' ఆ మాట అందరికీ చెప్పింది.
అందరిలో బొమ్మ కూడా ఉంది.
అది మళ్ళీ చెప్పింది.
తెల్లారేసరికి పదకొండు వేల సార్లు
అతను ఊళ్ళో లేడు.

తాళం తీయించుకుని, మెట్ల కింద వంగి కూర్చుని
రెండు వరసలు రాశాను.
ఒకటి: మిషను ఇచ్చిన జవాబుకి మిషను పలకకూడదు.
రెండు: జవాబులు అందరికీ కాదు, నాకొక్కడికే.

ఆ తర్వాత ఆమె ఉత్తరాలు నాకొక్కడికే.
అందింది బాబూ.
అందింది, ఇక్కడ జల్లు పడింది, కాయ కళ్ళంలో ఉంది.
అందింది, తాలు ధర మరీ ఇంత అన్యాయమా.
నేనెప్పుడూ ఏమీ రాయలేదు.
ధర నేను కట్టేది కాదు గదా అనుకున్నాను.
జల్లు సంగతికైనా
రాయొచ్చు.

ఫిబ్రవరిలో, లాగ్ ఫైల్లో.
అవతలి సర్వరు అంకెల్లో మాట్లాడుతుంది.
నాలుగుతో మొదలైతే: ఇప్పుడు కాదు, మళ్ళీ రా.
అయిదుతో మొదలైతే: ఆ పేరుతో ఇక్కడ ఎవరూ లేరు.
ఆరోగ్యమ్మ దగ్గర నాలుగు రోజులు నాలుగే.
అరగంటకోసారి తలుపు కొట్టింది మా సర్వరు,
అప్పు ఇచ్చినవాడి ఓపికతో.
అయిదో రోజు, అయిదు.

ఫోను నంబరు మేము తీసుకోలేదు.
ఫారంలో ఆ గడి లేదు. ఫారమూ నాదే.
ఫిరంగిపురం బస్సులో ఎంతసేపని,
వెళ్ళలేదు.
లక్ష టిక్కీలు దిగిన వారం అది,
ఆఫీసులో దగ్గు తప్ప మాట వినపడలేదు.

నియమం కూడా నేను రాసిందే:
మూడుసార్లు అయిదు వస్తే పేరు కొట్టెయ్యి.
రెండు వచ్చాయి.
మూడోది రాకముందే ఫైలు తెరిచి
ఆమె వరసకి ముందు ఒక గళ్ళ గుర్తు పెట్టాను.
గళ్ళ గుర్తు తర్వాత ఉన్నది మిషను చదవదు.
ఫైలు తెరిచినవాడు చదువుతాడు.

ఇవాళ నాలుగు వందల పదకొండు వెళ్ళాయి.
కోటిలింగం తాలు ధర కొట్టడం మర్చిపోయాడు.
ఎవరూ అడగలేదు.